గాలిని కట్టేసిన దీవిలో కొర్లయ్య కారు

కార్లు వచ్చేసినా రాజులింకా పోని రోజుల్లో, మందరదీవిని మణిమంతుడనే రాజు ఏలేవాడు. ఏలేవాడు అనడం కూడా దండగే. ఆ దీవిలో ఏడాది పైగా గాలి లేదు. కొబ్బరాకు కదలదు, ఆరేసిన బట్ట ఆరదు. తన నిద్రకు అడ్డొస్తోందని కొండమీది రాక్షసుడొకడు గాలిని తాడుతో కట్టేశాడు. ఆనాటి నుంచి బయటి పడవ ఏది రేవులో ఆగినా, పొద్దుగుంకేసరికి అదీ, దాంట్లో వచ్చిన మనుషులూ రాళ్లైపోతున్నారు. దీనికి రాజుగారు చేసిన ఘనకార్యం ఏమిటంటే, తనకు విసనకర్ర విసిరేవాళ్లను ఇద్దరి నుంచి పన్నెండుమందికి పెంచాడు.

ఒక ఉదయం తెడ్లు వేసుకుంటూ ఒక తెరచాప పడవ ఆ రేవుకు వచ్చింది. అందులో కొర్లయ్య, అతని భార్య నూకరత్నం, పన్నెండేళ్ల కూతురు ముత్యాలు ఉన్నారు. ఆ పడవే వాళ్ల ఇల్లు. సముద్రం మీద కొర్లయ్యంత నేర్పరి లేడు. అంత నోటిదురుసు మనిషీ లేడు. "ఎడమేదో కుడేదో తెల్దు నీకు, సుక్కాని ముట్టకు" అని కొడుకు ఎర్రయ్యను పదిమందిలో ఈసడించేవాడు. ఆ మాటలు పడలేక ఎర్రయ్య ఏడాది కిందట చిన్న పడవ వేసుకుని ఒంటరిగా వెళ్లిపోయాడు. అతని కోసమే వీళ్లు రేవురేవూ గాలిస్తున్నారు.

ఎర్రయ్య అక్కడే దొరికాడు. చేతిలో తాడుతో, రేవుగట్టు మీద రాయై నిలబడి ఉన్నాడు. నూకరత్నం ఆ చల్లటి చెంపలు పట్టుకుని ఏడ్చింది. కొర్లయ్య ఆ రాతి చేతిని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

ముగ్గురూ రాజు దగ్గరికి వెళ్లారు. దీవి మొత్తానికి ఒక్కటే కారు ఉంది. కొబ్బరినీళ్లు పోస్తే నడుస్తుంది. రాజు దాన్ని వాకిట్లో నిలిపి, లోపల కూర్చుని హారన్ కొట్టుకుంటున్నాడు.

"గాలిని విప్పితే రాళ్లన్నీ మళ్లీ మనుషులవుతాయి," అన్నాడు రాజు. "వందమంది సైనికులను పంపాను. కొండదారిలో అడవి దాటబోయి, అందరూ తిరిగి మా గుమ్మం ముందే తేలారు."

"మరి తమరు ఎల్లలేదేటి బాబూ?" అని నూకరత్నం అడిగింది.

"నేను రాజును కదా."

నూకరత్నం అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఆ చూపుకు రాజు తనంతట తానే కారు దిగాడు. కొండ చాలా దూరం. నడిస్తే పొద్దుగుంకేలోగా చేరలేరు, చేరకపోతే వీళ్లూ రాళ్లే. పడవెక్కి తెడ్లు వేసుకుని పారిపోవచ్చు. ఆ మాట మాత్రం ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు.

"నడపడం నాకు తెల్దేటి? నలబయ్యేళ్లు సుక్కాని పట్టిన సెయ్యి," అంటూ కొర్లయ్య ఎక్కి కూర్చున్నాడు.

పిల్లలూ, ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. పడవ కుడికి తిరగాలంటే చుక్కాని కర్రను ఎడమకు నెట్టాలి. మన మహానుభావుడు కారునూ అలాగే తిప్పాడు. కారు తిన్నగా రాజుగారి అరటితోటలోకి పోయింది.

"అటు కాదయ్యా, ఇటు!" అని ముత్యాలు ప్రతి మలుపులోనూ అరిచింది. అతను విసుక్కుంటూ అలాగే తిప్పాడు. కారు చక్కగా అడవిలోకి వెళ్లి, చక్కగా రాజు గుమ్మం ముందే తేలింది. రెండోసారీ అంతే. మధ్యాహ్నం దాటిపోయింది.

మూడోసారి అడవి మొదట్లో, పనసచెట్టు కింద తపస్సు చేసుకుంటున్న ముని కనిపించాడు. దారేదని నూకరత్నం అడిగింది.

"ఇది మాయారణ్యం తల్లీ. ఇక్కడ కుడికి తిప్పిన బండైనా, వేసిన అడుగైనా ఎడమకు పోతుంది, ఎడమకైతే కుడికి పోతుంది."

"మరి ఆ సైనికులకు సెప్పలేదేటి?"

"అడగలేదు," అని ముని కళ్లు మూసుకున్నాడు. అరవై ఏళ్ల తపస్సు చేసి ఆయన సంపాదించిన బుద్ధి అదీ.

ముత్యాలు తండ్రి భుజం పట్టుకుంది. "అయ్యా, ఇంక నాను సెప్పను. నీ సేతికి ఎలా అలవాటో అలాగే తిప్పు."

కొర్లయ్య పడవ నడిపినట్టే కారు నడిపాడు. కుడికి పోవలసినచోట ఎడమకు, ఎడమకు పోవలసినచోట కుడికి, తడుముకోకుండా తిప్పాడు. అడవి అయిపోయి కొండ ఎదురొచ్చింది.

కొండమీద ఒక చెట్టుకు కట్టిన లావుపాటి తాడు బిగుసుకుని గుంజుకుంటోంది. దాని రెండో కొసన ఏమీ కనిపించదు. అదే గాలి. పక్కనే మంచం మీద రాక్షసుడు నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు. కారు చప్పుడుకు ఒక కన్ను తెరిచాడు.

"ఆ ముడి విప్పడం మూడు లోకాల్లోనూ ఎవరి తరం కాదు," అని ఆవులించాడు. లేచి వచ్చేందుకు కూడా వాడికి బద్ధకం.

అప్పటికే సూర్యుడి అంచు నీళ్లను తాకింది. ముత్యాలు వేళ్లు బరువెక్కి, గోళ్లు బూడిదరంగుకు తిరిగాయి. ఆ వేళ్లతోనే తాడు తడిమి చూసింది.

"దీన్నేనా ముడంతావు? మాయమ్మ బట్టల తాడుకు కూడా ఇలాటిది ఎయ్యదు," అని కొస పట్టి ఒక్క లాగు లాగింది.

ఏడాదిగా ఉగ్గబట్టుకున్న గాలి ఒక్కసారిగా విడుదలైంది. రాక్షసుడు నిద్రమంచంతో సహా దొర్లుకుంటూ పోయి అవతలి సముద్రంలో పడ్డాడు. వాణ్ని వెతకడానికి ఎవరూ వెళ్లలేదు.

అడవిలో మాయ పోయింది కాబట్టి దిగేటప్పుడు నూకరత్నం భర్తను పక్కకు జరగమని తనే నడిపింది. రేవులో తెరచాపలన్నీ రెపరెపలాడుతున్నాయి. మనుషులైన రాళ్లు ఒళ్లు విరుచుకుంటున్నాయి. రాజు ఎదురొచ్చి, అర్ధరాజ్యం ఇస్తానన్నాడు.

"ఆ సగంలో తమరుంటారా బాబూ?"

"ఉంటాను."

"అయితే మాకొద్దు," అంది నూకరత్నం. విసనకర్రల వాళ్లు పన్నెండుమందీ అప్పుడే విసనకర్రలు కింద పడేసి ఇళ్లకు వెళ్లిపోయారు. రాజుతో వాళ్లకిక పనిలేదు.

గట్టుమీద ఎర్రయ్య తాడు పట్టుకునే ఉన్నాడు. తల్లి, చెల్లెలు పరిగెత్తి పట్టుకున్నారు. తండ్రిని చూడగానే మాత్రం తలదించుకుని ఒకడుగు వెనక్కి వేశాడు. తిట్లు పడతాయనే అనుకున్నాడు పాపం.

కొర్లయ్య కొడుకు చెయ్యి పట్టుకుని పడవలోకి తీసుకెళ్లాడు. చుక్కాని కర్ర మీద ఆ చెయ్యి పెట్టాడు.

"నువ్వే పట్టరా."

"నాకు ఎడమేదో తెల్దుగా అయ్యా," అన్నాడు ఎర్రయ్య.

"నాకూ తెల్దురా," అన్నాడు కొర్లయ్య. "ఇవాళే తెలిసింది."

తెరచాప నిండా గాలి పోసుకుని ఆ పడవ రేవు దాటింది. ఎర్రయ్య ఎటు తిప్పినా కొర్లయ్య నోరెత్తలేదు.