పదో అంతస్తులో బస్టాపు

"భయంగా ఉందా జాస్మిన్?" అడిగాడు జయరావు.

"ఉంది సార్."

"మంచిది. లేదన్నవాళ్లని నేను పంపను."

నల్లపాడు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ మేడకు 'మిర్చి క్వాలిటీ లాబొరేటరీ' అని బోర్డు ఉంటుంది. ముందుగదిలో నిజంగానే మిరపకాయల రంగూ ఘాటూ పరీక్షిస్తారు. వెనకగదిలో పరీక్షించేది మనుషుల్ని. ప్రతి ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగే జయరావు ఆ వెనకగదికి చీఫ్ అన్న సంగతి ఆయన భార్యకు కూడా తెలియదు. జాస్మిన్ లోకానికి చైనీస్ ఇంటర్‌ప్రెటర్. చైనా కొనుగోలుదార్లు యార్డుకు వస్తే పక్కన నిలబడి బేరాలు అటుదిటు చెబుతుంది. మిగతా సంగతి లోకానికి అనవసరం.

"బ్రీఫింగ్ రెండు నిమిషాలు," అన్నాడు జయరావు. "ఆర్కిడ్ రింగ్ అనే ముఠా మన తీరం మీది రాడార్ల వివరాలు దొంగిలించి అమ్ముతోంది. వాళ్లకు దేశం లేదు. కొన్నవాడిదే దేశం. గుంటూరు నుంచి పోయే మిర్చి కంటైనర్లలో ఆ వివరాలు సముద్రం దాటుతున్నాయి. వాళ్ల మనుషుల లిస్టు మొత్తం సాదిక్ చేతికి చిక్కింది. ఇప్పుడు వాడు చైనాలో, చోంగ్‌చింగ్‌లో దాక్కుని మూడు రోజులుగా గది కదలడం లేదు. ఏ బిల్డింగో నాకు కూడా తెలియదు, నేనే చెప్పొద్దన్నాను. రాత్రికి వాణ్ణి ఊరు దాటిస్తాను. అంతవరకూ వాడు బతికి ఉండాలి."

"నా పని?"

"నాగేంద్రబాబు పన్నెండింటికి నిన్ను ఇంటర్‌ప్రెటర్‌గా కోల్డ్ స్టోరేజీకి రమ్మన్నాడు. ఇక్కడ ముఠాకి వాడే పెద్ద. సాదిక్ గురించి వాళ్లకేదో దొరికింది. వెళ్లు, విను, నాకు వినిపించు." ఆయన ఒక తేమ మీటరు ఆమె ముందుకు తోశాడు. బస్తాలో గుచ్చి కాయల్లో తేమ ఎంతుందో చూసే మామూలు మీటరే. కాకపోతే ఇది గదిలో మాటలన్నీ ఇక్కడికి మోస్తుంది. "నేను సాదిక్‌కి మెసేజ్ పెడితే ఇది ఒకసారి వణుకుతుంది. నాగేంద్రబాబు గదిలో మన మనిషి ఒకరుంటారు. పేరు చెప్పను. చెబితే నీ కళ్లు అటే పోతాయి."

"సాదిక్‌కి ఏమని మెసేజ్ పెడతారు సార్?"

"ఒక్కటే మాట. 'దిగు'. మెట్లు దిగి రోడ్డు మీద పడ్డాడంటే జనంలో కలిసిపోతాడు."

జాస్మిన్‌కు అందులో ఏదో తేడా కొట్టింది. ఆమె చోంగ్‌చింగ్‌లో నాలుగేళ్లు ఉంది. ప్రమాదంలో ఏం చెయ్యాలో ఆ డ్రిల్లు రాసిన జయరావు రెండంతస్తులకు మించిన ఇంట్లో ఎన్నడూ కాపురం చేయలేదు. కానీ పెద్దాయన మాటకు అడ్డు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. నోరు మూసుకుని మీటరు అందుకుంది. ఆ రోజు ఆమె చేసిన తప్పల్లా అదే.

ఆటోలో కూర్చున్నాక సాదిక్ తల్లి షమీమ్ గుర్తొచ్చింది. కొడుకు విమానం ఎక్కేముందు ఆవిడ జాస్మిన్ రెండు చేతులూ పట్టుకుని, "వాడికి నేను చెప్పినా ఎక్కదమ్మా, నువ్వు చెబితే వింటాడు. నీ చేతిలో పెడుతున్నా," అంది. సాదిక్‌ని ఈ పనిలోకి తెచ్చింది జాస్మినే. వాడికేదైనా అయితే ఆ తల్లి మొహం ఎలా చూడాలి?

కోల్డ్ స్టోరేజీ ఆవరణలో ఆడవాళ్లు వరసగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఘాటుకి అందరి మొహాలకూ గుడ్డలే, కళ్లు తప్ప ఏమీ కనబడవు. హమాలీలు తలలకు తువ్వాళ్లు చుట్టుకుని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తున్నారు. పోయిన నెల ఇక్కడి గుమాస్తా యలమందయ్య చల్లగదిలో శవమై కనిపించాడు. తలుపు దానంతటదే పడిందన్నారు. ఆ తలుపు పక్కనుంచే జాస్మిన్ పై గదికి వెళ్లాలి.

"రామ్మా జాస్మిన్, కూర్చో," అన్నాడు నాగేంద్రబాబు. తెల్ల చొక్కా, నవ్వు మొహం. "ఫోను ఇటివ్వు. ఆ మీటరేంటి, ఇక్కడికి కూడానా?"

"కింద మీ తేజా టిక్కీలు చూసి రమ్మన్నారు బాబు గారూ. చేతిలోనే ఉండిపోయింది."

ఆయన నవ్వి వదిలేశాడు. కిటికీ దగ్గర ఒకామె కూర్చుని ఉంది. నల్లంచు ఉప్పాడ చీర, ఎర్రటి గోళ్లు, ఒళ్లో లాప్‌టాప్. గుంటూరులో సగం అపార్ట్‌మెంట్లకు ప్లాన్లు గీసిన ఆర్కిటెక్టు శ్రీరమ్య. ఆమె గీసిన ఇంట్లో ఉండటం ఒక హోదా, ఆమెతో ఫొటో దిగడం ఇంకో హోదా. ఈవిడ కూడా ముఠాలో ఉందా? టీ గ్లాసులు పెడుతున్న పిచ్చమ్మ వైపు చూసింది జాస్మిన్. మన మనిషి ఈ ముసలమ్మే అయి ఉంటుందనుకుంది. పిచ్చమ్మ గ్లాసులు పెట్టి, తలుపు వేసుకుని వెళ్లిపోయింది. జాస్మిన్ ధైర్యం కూడా ఆవిడ వెంటే వెళ్లిపోయింది.

నాగేంద్రబాబు టాబ్లెట్ ఆమె ముందు పెట్టాడు. "నువ్వా ఊళ్లో నాలుగేళ్లున్నావుగా. ఈ ఫొటో ఏ బిల్డింగు కిటికీలోంచి తీశారో చెప్పు. ఓ పాత స్నేహితుడు తీశాడులే."

జాస్మిన్ చూసింది. ఇనుప ఊచల కిటికీ. కింద చాలా లోతున నది, నది పక్కన రోడ్డు. ఎదురుగా లోయకు అవతల, కిటికీకి కాస్త పైన ఇంకో రోడ్డు, దాని మీద పోతున్న బస్సు. ఎడమ పక్క ఒక భవనం పొట్టలోంచి దూసుకొస్తున్న మెట్రో రైలు. ఆమె ఆ ఊళ్లో అద్దెకున్నది ఈ వరసలోనే. సాదిక్ తనంతట తాను ఎంచుకున్న గది జాస్మిన్ పాత ఇంటికి రెండిళ్ల అవతల పడింది.

"అక్కడ వెయ్యి మేడలుంటాయి బాబు గారూ..."

"వెయ్యి లేవు, మూడే మిగిలాయి," అంది శ్రీరమ్య. "మూడింటి డ్రాయింగులూ నా దగ్గరున్నాయి. మీరు అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది."

నాగేంద్రబాబు సొరుగులోంచి పిస్టల్ తీసి పేపర్‌వెయిట్ పెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తప్పు బిల్డింగు చెబితే శ్రీరమ్య పట్టేస్తుంది. తను యలమందయ్య దగ్గరికి పోతుంది, వాళ్లు ఎలాగూ మూడింటినీ వెతుకుతారు. నిజం చెబితే సాదిక్ పోతాడు. మాట్లాడుతూ ఉంటే ఆలోచన వస్తుందని మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఇది నది ఒడ్డున కొత్తగా కట్టిన అద్దాల టవరు కాదండి. వాటికి కిటికీ తెరుచుకోదు. కొండవాలుకి కర్ర గుంజల మీద నిలబెట్టిన పాత ఇళ్లూ కావు, అవి ఇప్పుడు టూరిస్టులు చూడటానికి మిగిలాయి. ఫ్యాక్టరీ వర్కర్ల పాత క్వార్టర్లు ఎర్రిటుకవి, మూడు నాలుగు అంతస్తులే, వంటిళ్లు వరండాలో ఉమ్మడిగా ఉంటాయి. తర్వాత వచ్చిన ముప్ఫై అంతస్తుల లిఫ్టు మేడలైతే ఏసీకి గోడలోనే గూడు కడతారు. ఇది ఆ రెండింటికీ మధ్య కాలంది. ఇరవై నాలుగు అంతస్తుల సిమెంటు మేడ, మన బ్రాడీపేటలోలా కిటికీలకు ఇనుప బోను. లిఫ్టు ఉండదు."

"ఇరవై నాలుగు అంతస్తులకి లిఫ్టు లేదా?" అన్నాడు నాగేంద్రబాబు.

"లేదండి."

"కరెక్టే," అంది శ్రీరమ్య స్క్రీను చూస్తూ. "మూడోది. ఏ అంతస్తు?"

జాస్మిన్ రైలు ఎత్తు చూసింది, బస్సు ఎత్తు చూసింది. శ్రీరమ్య కూడా అవే కొలుస్తోంది. "ఎనిమిది. నది రోడ్డు నుంచి లెక్కపెడితే."

శ్రీరమ్య తల ఊపింది. తర్వాత ఆమె ఎర్రటి గోరు డ్రాయింగు మీద పైకి పాకి ఒకచోట ఆగింది. పదో అంతస్తులోంచి కొండ వైపు పోయే సన్నటి గీత అది. ఆ గీతేమిటో జాస్మిన్‌కు తెలుసు. ఆ వరస ఇళ్లన్నిటికీ అదే దారి, నాలుగేళ్లు దాని మీదే నడిచి కూరగాయలు తెచ్చుకుంది. ఆ ఊరు కొండ మీద కట్టిన ఊరు. ముందు పక్క నేలంటే నది రోడ్డు. వెనక పక్క నేల పదో అంతస్తు దగ్గరుంటుంది. వంతెన దాటితే ఎదురుగా బస్టాపు.

"అదేంటి?" అడిగాడు నాగేంద్రబాబు.

శ్రీరమ్య ఒక క్షణం ఆగింది. "నీళ్ల ట్యాంకు," అంది.

జాస్మిన్ ఆశ్చర్యం బయటపడకుండా టీ గ్లాసు ఎత్తుకుంది. పదో అంతస్తులో నీళ్ల ట్యాంకా? ఎంతైనా గుంటూరు ఆర్కిటెక్టు! చదును నేల మీద పుట్టినవాళ్లకు రోడ్డంటే కిందే ఉంటుంది, పైన ఉండేది ట్యాంకే. దేవుడు కాపాడాడు అనుకుంది. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. జయరావు కూడా చదును నేల మనిషే. సాదిక్ కూడా. రాత్రిపూట నది గేటులోంచే ఆ గదిలోకి వెళ్లి ఉంటాడు, మూడు రోజులుగా బయటికి రాలేదు వాడు. వాడికి పై దారి తెలియదు.

వీడియో కాల్ కలిసింది. తెరమీద ఇద్దరు మనుషులు, నది రోడ్డు మీద కారు. ఉత్తరాది మైదానం ఊళ్లవాళ్లు, చోంగ్‌చింగ్‌కు నిన్ననే వచ్చారు. ఒకడి చేతిలో సైలెన్సరు బిగించిన తుపాకీ.

"చెప్పమ్మా వాళ్లకి," అన్నాడు నాగేంద్రబాబు. "ఇంకో మనిషి ఈ కాల్ రికార్డు వింటాడు. ఒక్క ముక్క మారినా తెలుస్తుంది."

జాస్మిన్ చెప్పింది. నది గేటు, లిఫ్టు లేదు, ఎనిమిదో అంతస్తు. తన నోటితో తనే చెప్పింది. సొంత నాలుక అంత అసహ్యంగా ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు.

ఇద్దరూ లోపలికి దూరారు. తెరలో మెట్లు, ఆరేసిన బట్టలు, మెట్ల మలుపులో తులసి కుండీలా ఏదో కుండీ. ఒకటి, రెండు, మూడు. వాళ్లు రొప్పుతున్నారు. నాలుగు.

ఆమె ఒళ్లో మీటరు ఒకసారి వణికింది.

మెసేజ్ వెళ్లింది. 'దిగు'.

జాస్మిన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. తెరలోంచి కొత్త చప్పుడు వినబడింది. పైనుంచి చెప్పుల చప్పుడు, టపటపమంటూ దిగుతున్న చప్పుడు. ఎనిమిది, ఏడు... మనవాడు వేటగాళ్లకు ఎదురు పరిగెడుతున్నాడు. వాళ్లు అయిదో అంతస్తు ఎక్కుతున్నారు. ఇంకో అర నిమిషం.

ఏం చెయ్యాలి? అరిస్తే చస్తుంది. ఊరుకుంటే వాడు చస్తాడు. అబద్ధానికి దారి లేదు. అప్పుడు తట్టింది ఆమెకు, దాచిన నిజం ఒకటి ఇంకా మిగిలే ఉందని. ఈ క్షణంలో అది శత్రువుకు చెప్పినా నష్టం లేదు, మీటరు దాన్ని జయరావుకు వినిపిస్తుంది.

"బాబు గారూ!" లేచి నిలబడింది. "వాడు కిందికొస్తే చిక్కుతాడు కానీ పైకి వెళితే తప్పించుకుంటాడు! పదో అంతస్తులో వంతెన ఉంది. అటు పక్క రోడ్డు! పైకెక్కితే బస్టాపే!"

నాగేంద్రబాబు బిత్తరపోయాడు. "ఇంతసేపూ చెప్పవేమే? చెప్పు వాళ్లకి, తొందరగా ఎక్కమను!"

జాస్మిన్ ఒక్క ముక్క మార్చకుండా చైనీస్‌లో చెప్పింది. చేతిలో మీటరు రెండోసారి వణికింది.

తెరలో చెప్పుల చప్పుడు ఆగింది. వేటగాళ్లు తలెత్తి చూశారు. మెట్ల సందులోంచి, సరిగ్గా ఒక అంతస్తు పైన, ఊచలు పట్టుకున్న ఒక చెయ్యి కనిపించింది. ఒక క్షణం అందరూ కదల్లేదు.

చెయ్యి మాయమైంది. చెప్పులు మళ్లీ టపటపలాడాయి. పైకి. తుపాకీ దగ్గినట్టు రెండుసార్లు మోగింది, గోడ సున్నం రాలింది. ఇద్దరూ వెంటపడ్డారు. కానీ వాళ్లు అప్పటికే అయిదంతస్తులు ఎక్కి ఉన్నారు. వాడు మూడు రోజులుగా కూర్చుని ఉన్నాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. కెమెరా ఊగిపోయింది. ఇనుప తలుపు, వెలుతురు, వంతెన. వంతెన చివర ఒక బస్సు తలుపులు మూసుకుంటోంది. మూసుకుంది. వెనక అద్దంలోంచి చెమటలు కారుతున్న ఒక నల్లటి మొహం ఇటు చూస్తూ వెళ్లిపోయింది. కారేమో పది అంతస్తుల కింద ఉంది.

"పదో అంతస్తులో బస్సేంటి?" అన్నాడు నాగేంద్రబాబు. "దానికి టైర్లా, రెక్కలా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన మెల్లగా శ్రీరమ్య వైపు తిరిగాడు. "నీళ్ల ట్యాంకన్నావ్."

"అన్నాను."

ఆయన పిస్టల్ అందుకున్నాడు. "ఇద్దరూ చల్లగదికి పదండి."

జాస్మిన్ తలుపు వైపు అడుగేసింది. యలమందయ్య పేరు ఒక్కటే చెవుల్లో మోగుతోంది. తలుపు తెరుచుకుంది. టిక్కీ భుజాన వేసుకున్న హమాలీ లోపలికి వచ్చాడు, "ఇదెక్కడ పెట్టాలండీ?" అంటూ.

"ఏరా, బుద్ధుందా? పో బయటికి!"

హమాలీ టిక్కీని నాగేంద్రబాబు మీదే పడేశాడు. నలభై కిలోల తేజా మిర్చి. సంచి పిగిలి గది అంతా ఎర్రటి ఘాటు లేచింది. తలకు తువ్వాళ్లు చుట్టుకున్న మరో నలుగురు లోపలికి వచ్చారు. దగ్గుల మధ్య సంకెళ్లు పడిన చప్పుడు జాస్మిన్‌కు చర్చి గంట విన్నంత హాయిగా వినిపించింది. మొదటి హమాలీ తువ్వాలు తీశాడు. లాబొరేటరీ ముందుగదిలో కాయల రంగు చూసే మార్క్.

కిందికి దిగాక జాస్మిన్ మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. శ్రీరమ్య పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది, అది మిర్చి వల్ల.

"మన మనిషి మీరా?" అంది జాస్మిన్. "నేను మీకు తెలియక ట్యాంకన్నారనుకున్నాను."

"పదేళ్లుగా మేడలు గీస్తున్నాను. వంతెనకీ ట్యాంకుకీ తేడా తెలియదనుకున్నారా? బిల్డింగు ఎలాగూ దొరికేది, దారి ఒక్కటే దాచగలిగాను." శ్రీరమ్యకు నిజంగానే కోపం వచ్చింది. "రేపు ఈ కేసు పేపర్లో పడితే గుంటూరంతా ఇదే మాట. నాతో ఇంకెవడు ఇల్లు గీయించుకుంటాడు?"

జయరావు జీపు దిగి వచ్చాడు. జాస్మిన్ ఎదురుగా నిలబడి "పొద్దున నీకు తెలిసే ఊరుకున్నావు కదూ?" అన్నాడు.

"అవును సార్. మీకు ఎదురు చెప్పలేక."

"ఇకనుంచి చెప్పు." ఆయన తన ఫోను ఆమె చేతిలో పెట్టాడు. సాదిక్ దగ్గర్నుంచి మెసేజ్: 'అక్కా, బస్సు ఎక్కాను. కిటికీలోంచి చూస్తే కింద ఇళ్ల కప్పులు, పైన రోడ్లు. నేనిప్పుడు నేల మీదున్నానా, మేడ మీదున్నానా?'

జాస్మిన్ కళ్లు తుడుచుకుని టైపు చేసింది.

'ఎక్కడున్నా సరే. నేను చెప్పేదాకా దిగకు.'