టీచరమ్మలో అమ్మ

పొద్దుటిపూట ఆ ఇంట్లో ఎవరి మాటా ఎవరూ పూర్తిగా వినరు. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద డబ్బాల్లోకి వండే కూర. కూతురి జడ అల్లుతూనే టీచరమ్మ ఓ కంట పాలగిన్నెను కనిపెట్టుకుని ఉంది. వీధిలో అందరూ ఆమెను టీచరమ్మ అనే పిలుస్తారు, కూరలమ్మే మనిషి దగ్గర్నుంచి పక్కింటి పెద్దాయన దాకా.

జడ పూర్తవగానే కూతురు గ్లాసు ముందుకు జరిపింది.

"టీచర్, ఇంకొంచెం పాలు పొయ్యరా?"

గుమ్మం దగ్గర బియ్యంలో రాళ్ళేరుతున్న నానమ్మ పకపకా నవ్వింది. "ఇదేం చోద్యమే పిచ్చుకా! బడి ఇంటికొచ్చిందా, ఇల్లు బడికెళ్ళిందా?"

పుట్టినప్పట్నుంచీ నోరు మూతపడని పిల్ల కనక ఇంట్లో అందరికీ అది పిచ్చుకే. ఇప్పుడు మాత్రం జవాబు చెప్పకుండా తల దించుకుని పాలు తాగేసింది. పొరపాటున అందిలే అనుకుని టీచరమ్మ స్టవ్ కట్టేసింది.

ఈ ఏడు కూతురు ఆమె క్లాసులోకే వచ్చింది, ఆరో తరగతి ఎ సెక్షన్‌కి. వచ్చిన మొదటిరోజే స్టాఫ్‌రూములో డ్రాయింగ్ టీచరు నవ్వుతూనే ఓ మాట అన్నాడు: "ఇంకేమండీ, మీ అమ్మాయికి ఫస్టు ర్యాంకు ఇంట్లోనే తయారవుతుంది!" నవ్వుతూ అన్న మాటే అయినా ముల్లులా దిగింది. ఆరోజే టీచరమ్మ మనసులో ఓ గీత గీసుకుంది. బడి గేటు దాటాక అది తన కూతురు కాదు, నలభై మందిలో ఒకతి.

ఆరోజు పాఠం సంధులు. బోర్డు మీద 'చిన్నమ్మ' అని రాసి, "విడదీసి చెప్పండి" అంది. చేతులు లేచాయి. అందరికంటే ముందు లేచింది మూడో బెంచీలో పిచ్చుక చెయ్యి. టీచరమ్మ చూపు దాన్ని దాటుకుని ముందు బెంచీలోని కళ్ళజోడు పిల్ల దగ్గర ఆగింది.

"చిన్న, అమ్మ... చిన్నమ్మ. కరెక్టేనా అమ్మా?"

అనేసి కళ్ళజోడు పిల్ల నాలిక కరుచుకుంది. క్లాసంతా గొల్లుమంది. ఇలా ఏడాదిలో ఎవరో ఒకరు నోరు జారుతూనే ఉంటారు. అలా జారినప్పుడల్లా టీచరమ్మకి లోపల వెన్న కరిగినట్టుంటుంది.

"పర్లేదే. నోరన్నాక జారుతుంది" అని పిల్ల తల నిమిరింది. మూడో బెంచీలో పిచ్చుక ఒక్కతే నవ్వలేదు. ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించిందో కూడా తెలీదు.

మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది.

"మీ అమ్మాయి వచ్చి బి సెక్షన్‌కి మార్చమని అడిగింది. మీతో చెప్పే వచ్చిందనుకున్నాను. చెప్పలేదా?"

"నేను మాట్లాడతానండీ" అని మాత్రం అనగలిగింది.

సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే సంచీ కుర్చీలో విసిరేసింది.

"ఇలా రా! ఎవర్నడిగి వెళ్ళావు పెద్ద టీచరు దగ్గరికి? నా క్లాసులో ఉండలేనని నా పైవాళ్ళకి చెప్పొస్తావా? రేపు స్టాఫ్‌రూములో తలెత్తుకోనిస్తావా నన్ను?"

అప్పుడే మందుల షాపునుంచి వచ్చిన భర్త చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. "నెమ్మది. ముందు జబ్బేంటో కనుక్కుని తర్వాత మందెయ్యి."

"మీరు వెనకేసుకురాకండి! దానికేం తక్కువ చేశాను?"

"తక్కువ చెయ్యలేదు టీచర్..." అంది పిచ్చుక.

"ఇదిగో, మళ్ళీ టీచర్! వేళాకోళమా?"

"వేళాకోళం కాదు. ప్రాక్టీసు."

"ఏంటి?"

"ఇంట్లో కూడా టీచర్ అంటే బడిలో నోరు జారదని." పిల్ల ఏడుపు ఆపుకుంటోంది. "మొదటి వారంలో నేనోసారి అమ్మా అన్నాను కదా. అందరూ నవ్వారు. నువ్వు 'ఇక్కడ అమ్మ ఎవరూ లేరు, కూర్చో' అన్నావు. కళ్ళజోడుదంటే పర్లేదన్నావు. తల కూడా నిమిరావు. బి సెక్షన్‌లో ఐతే చెయ్యెత్తితే చూస్తారు. అక్కడ నేను పొరపాటున అమ్మా అన్నా నవ్వి ఊరుకుంటారు."

టీచరమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. ఆ మాట అని, వెంటనే బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టింది తను. వెనకాల కూర్చున్న పిల్ల మొహం ఎలా ఉందో చూడనేలేదు. తనేమో న్యాయంగా ఉన్నాననుకుంది.

వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. వెనకే అత్తగారు వచ్చి పంపు కట్టేసింది.

"అత్తయ్యా, నలుగురూ నాలుగు మాటలంటారనే కదా..."

"అంటారు. నోళ్ళున్నవాళ్ళు అనకేం చేస్తారు? నువ్వు పిల్లలకి సంధులు చెప్తావు కదా. నాకో సంగతి చెప్పు. వీధివీధంతా నిన్ను టీచరమ్మ అంటుంది. విడదీస్తే ఏమొస్తుంది?"

టీచరమ్మ చేతిలోని గిన్నె గట్టు మీద పెట్టింది.

"ముందు టీచరే ఉంది, నేను కాదన్లేదు. వెనకున్న అమ్మని మాత్రం గేటు దగ్గర దింపేసి వెళ్తున్నావు. రోజూ ఒక్క పిల్లే చూస్తోంది అది."

ఆ మాటతో టీచరమ్మ కన్నీళ్ళకి కట్ట తెగింది. కొంగుతో మొహం తుడుచుకుని కూతురి గదిలోకి వెళ్ళి, మంచం అంచున కూర్చుంది.

"నాదే తప్పే. ఎవరో ఏదో అంటారని నీ చెయ్యి చూడ్డం మానేశాను. బి సెక్షన్‌కి వెళ్తానంటే నేనే మార్పిస్తాను. కోపంతో కాదు, ఒట్టు."

పిచ్చుక దిండులోంచి మొహం తీసి, పెద్దమనిషిలా కాసేపు ఆలోచించింది. "రేపొక్కరోజు చూసి చెప్తాను."

గుమ్మం దగ్గర తండ్రి గొంతు వినపడింది: "వాళ్ళ నానమ్మ బేరమే వచ్చింది దీనికి!"

మర్నాడు బోర్డు మీద 'పెద్దమ్మ' అని రాసింది టీచరమ్మ. చేతులు లేచాయి. మూడో బెంచీలో చెయ్యి లేచీ లేవనట్టు, భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఈసారి ఆమె చూపు దాటిపోలేదు.

"పిచ్చుకా, నువ్వు చెప్పమ్మా!"

అన్నాక గానీ తెలిసిరాలేదు ఏమందో. క్లాసంతా పైకప్పు లేచిపోయేలా నవ్వింది. ఇంట్లో పిలిచే పేరు బయటపడిపోయేసరికి పిచ్చుక చెవులు ఎర్రబడ్డాయి. టీచరమ్మ సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ముందు బెంచీలో కళ్ళజోడు పిల్ల లేచి, ఎంతో దయగా అంది: "పర్లేదు టీచర్. నోరన్నాక జారుతుంది."

నవ్వు రెట్టింపయింది. ఆ నవ్వులో ఈసారి పిచ్చుక కూడా ఉంది. నెమ్మదిగా లేచి నిలబడింది.

"పెద్ద, అమ్మ... పెద్దమ్మ." ఒక్క క్షణం ఆగి, తల్లి కళ్ళలోకి చూసింది. "కరెక్టేనా అమ్మా?"

"కరెక్టే" అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా బోర్డు వైపు తిరగలేదు.