ఫోన్‌కి వేసిన తాళం

పాలు తీసుకుని వచ్చేసరికి, కిటికీ దగ్గర కుట్టుమిషను పక్కన పెట్టిన ఫోన్ కనిపించలేదు. కోడలు గుడ్డముక్కలన్నీ దులిపింది, మిషను కింద వంగి చూసింది, ఆఖరికి బియ్యం డబ్బా మూత కూడా తీసి చూసింది. కంగారులో మనిషి వెతికే చోట్లకు అర్థం పర్థం ఉండదు.

"ఏమండీ, నా ఫోన్ చూశారా?"

భర్త అద్దం ముందు షాపు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. సెల్‌ఫోన్ల షాపులో సేల్స్‌మన్ అతను. రాయితీ వస్తోంది కదా అని, ఇంట్లో ముగ్గురికీ ఒకే రకం నల్ల ఫోన్లు ఒకేసారి తెచ్చి పడేసింది కూడా అతనే.

"కిటికీ బార్లా తెరిచి, ఫోన్ అక్కడ పెట్టి వెళ్లావా? ఇంకేం, దొంగని బొట్టుపెట్టి పిలిచినట్టే!"

రెండుసార్లు రింగ్ ఇచ్చాడు. ఎవరూ ఎత్తలేదు. తన ఫోన్‌లో మ్యాప్ తెరిచాడు. చిన్న చుక్క ఒకటి మార్కెట్ వైపు కదులుతోంది.

"చూశావా, బస్సెక్కేశాడు. ఉండు, తాళం వేసేస్తాను."

"అప్పుడే వద్దండీ. ఎక్కడ దిగుతాడో చూద్దాం."

"నువ్వు ఊరుకో. ఒక్క నొక్కు నొక్కితే ఫోన్ రాయైపోతుందని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్తున్నాను. ఇక దాన్ని ఎవడూ కొనడు."

"కొనకపోతే విప్పి ముక్కలు అమ్ముకుంటాడు. పక్కింటావిడ ఫోన్‌కీ తాళం వేశారుగా, తిరిగొచ్చిందా? నా కస్టమర్ల కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. దొంగకి పనికిరాకుండా పోతే నాకేం ఒరుగుతుంది? నాకు నా ఫోన్ కావాలి!"

మాట సబబుగానే ఉంది. కానీ ఫోన్లు అమ్మేవాడికి ఫోన్ల గురించి పెళ్లాం చెప్పడమా! అతను తాళం నొక్కేశాడు. తెర మీద కనిపించేలా పెద్ద అక్షరాలతో 'ఇది దొంగిలించిన ఫోన్. దీన్ని పట్టుకున్నవాడు దొంగ' అని రాసి, కింద తన నంబరు పెట్టాడు. అంతటితో ఆగినా బాగుండేది. బ్యాంకు ఖాతా జోలికి ఎవడూ పోకుండా, సిమ్ము కూడా ఆపించేశాడు. దాంతో నెట్ కూడా పోయి, మ్యాప్ మీద చుక్క ఉన్నచోటే ఆగిపోయింది.

"అయిపోయింది వాడి పని," అన్నాడు తృప్తిగా.

ఆమె మామగారి కోసం కలిపిన టీ మీద మీగడ కట్టడం చూసి గుమ్మం వైపు తిరిగింది. "మామయ్య ఇంకా రాలేదేంటి?"

పెద్దాయన ఒకప్పుడు షాపులకు బోర్డులు రాసేవాడు. ఈమధ్య మతిమరుపు ముదిరింది. ఇంట్లో కట్టిపడేస్తే మనిషి ఇంకా పాడైపోతాడని, పొద్దున్న నడకకు మాత్రం పంపుతున్నారు. దారి తప్పితే ఎక్కడివాడక్కడే నిలబడతాడు. ఎత్తేదాకా ఫోన్ చేస్తూనే ఉంటే, ఎప్పటికో ఎత్తి, ఎదురుగా ఉన్న బోర్డు చదువుతాడు. "వంకరగా రాశాడ్రా వెధవ," అని తిట్టడం కూడా మానడు. ఆ బోర్డు ఆనవాలుతో వెళ్లి తీసుకొస్తారు.

కొడుకు తండ్రికి ఫోన్ చేశాడు. పక్కగదిలో, దిండు కింద మోగింది.

ఇద్దరి ముఖాల్లోనూ కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

"బస్సెక్కింది దొంగ కాదండీ," అంది ఆమె. "మామయ్య."

అతను సిమ్ము కంపెనీకి ఫోన్ చేశాడు. అరిచాడు, బతిమాలాడు. ఆపడం ఫోన్‌లో కుదురుతుందట గానీ, మళ్లీ తెరవాలంటే సిమ్ము ఎవరి పేరు మీదుందో వాళ్లే గుర్తింపు కార్డుతో ఆఫీసుకు రావాలట.

"మీ తాళం బ్రహ్మాండంగా పనిచేసింది," అందామె చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. "ఇప్పుడు ఆయన దగ్గరికి మన గొంతు కూడా చేరదు."

మార్కెట్‌లో బండి ఆపి సందు సందూ వెతుకుతున్నారు. కనపడిన ప్రతి తెల్లజుట్టు మనిషి దగ్గరికీ అతను పరుగెత్తి, ముఖం చూసి వెనక్కి వస్తున్నాడు. వాహనాల మధ్య దిక్కుతోచక నిలబడ్డ తండ్రే కళ్ల ముందు మెదులుతున్నాడు. అప్పుడు మోగింది అతని ఫోన్.

"సార్, మీ ఫోన్ దొరికింది. బస్టాండు పక్కన రిపేరు కొట్టు. పనిచెయ్యట్లేదు, బాగుచెయ్యమని తెచ్చాడు, దొంగ ముసలాడు. కదలకుండా కూర్చోబెట్టాం."

కొట్టు ముందు జనం. మధ్యలో ప్లాస్టిక్ స్టూలు మీద పెద్దాయన. ఎవరో చొక్కా గుంజినట్టున్నారు, భుజం దగ్గర చిరిగింది. కొడుకుని చూసి కూడా లేవలేదు.

"నాన్నా!"

"తీశానేమోరా," అన్నాడాయన, తల దించుకుని. "వీళ్లంతా అంటున్నారు. దాని మీద కూడా రాసుంది, చదివాను. నేనెప్పుడూ ఒకరి సొమ్ము ముట్టలేదు. కానీ... నాకు గుర్తుండట్లేదుగా. తీశానేమో."

జీవితమంతా అక్షరాలు రాసి బతికిన మనిషి, కొడుకు రాసిన అక్షరాలను నమ్మేశాడు. అతను ఆ మట్టిలోనే కూలబడి తండ్రి మోకాళ్లు పట్టుకున్నాడు.

"ఈయన మా నాన్న," అన్నాడు జనంతో. "ఆ 'దొంగ' అన్న మాట రాసింది నేను."

జనంలో ఆయన్ని పట్టుకున్న చేతులు జారిపోయాయి. రిపేరు మనిషి ఫోన్ బల్ల మీద పెట్టేసి పక్కకు తిరిగాడు. అయినా పెద్దాయన తల ఎత్తలేదు. కోడలు ముందుకొచ్చి ఆయన చిరిగిన భుజం మీద తన చున్నీ కప్పింది.

"మామయ్యా, పొద్దున మీరు బయల్దేరుతుంటే ఫోన్ అందించింది నేనే. మీదనుకుని నాది ఇచ్చేశాను. 'ఇది నాదేనా అమ్మా' అని మీరు అడిగారు కూడా."

ఆయన మెల్లగా తలెత్తాడు. "అడిగానా?"

"అడిగారు. నేనే సరిగ్గా చూడలేదు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "విన్నావట్రా? అడిగానట," అన్నాడు కొడుకుతో.

తండ్రి గడప దాటే వేళకు ఆమె పాల కోసం వెళ్లి ఉందని అతనికి తెలుసు. భార్య ముఖంలోకి చూశాడు. పొద్దున్నుంచి తను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి.

"విన్నాను నాన్నా," అన్నాడు ఏడుస్తూనే. "నువ్వెప్పుడూ అడిగే తీసుకుంటావు."