కిందికి దిగిన వరద రాయి

"రాయి కిందికి దిగిందండీ!"

గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ పంతులమ్మ నోట వచ్చిన మొదటి మాట అదే. డిటెక్టివ్ దగ్గర పనిచేసే గుమాస్తా కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. కోర్టులో ముప్పై ఏళ్లు వాంగ్మూలాలు రాసిన మనిషి కనుక భయానికీ నటనకీ తేడా ఇట్టే పట్టేస్తాడు. ఈవిడది భయమే.

"ఏ రాయమ్మా?" అంది డిటెక్టివ్. పేటలో అందరూ ఆమెను భూతద్దం మేడమ్ అంటారు. నిజానికి ఆమె దగ్గర భూతద్దం లేదు, కళ్లజోడు కూడా లేదు.

పంతులమ్మ గుక్కతిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. ఏటి ఒడ్డున పాత పడవల గిడ్డంగి ఉంది. తాతల కాలంలో వచ్చిన పెద్ద వరద ఎంత ఎత్తు లేచిందో చెప్పే పలకంత రాయి దాని ముందు గోడలో ఉంది. పాతికేళ్లు కంచె వెనక మూతబడ్డ ఆ కట్టడాన్ని బాగుచేసి పసిపిల్లల బడికి ఇచ్చారు. రాతి మీది గీత గది నేలకంటే కిందే ఉందని చూసుకున్నాకే అధికారులు సరేనన్నారు. ఇరవై ఇద్దరు పిల్లలతో ఆమె బడి రేపే మొదలు. ఎగువన వానలు. ఏరు పొద్దుట్నుంచి రెండు మెట్లు మింగేసింది.

"చిన్నప్పుడు నాన్న భుజాలెక్కితే గానీ ఆ రాయి అందేది కాదండీ. ఇవాళ నా మోకాలి దగ్గరుంది. ఎవరికి చెప్పినా, 'నువ్వు పెరిగావులే' అని నవ్వుతున్నారు."

డిటెక్టివ్ నవ్వలేదు. చెప్పులు వేసుకుంది.

గిడ్డంగి దగ్గర ఆమె రాయి అంచును గోటితో గీకింది. తెల్లటి పొడి రాలింది. తాపీమేస్త్రిని పిలిచింది.

"ఇది నీ పనేనా?"

"నాది సిమెంటు పనమ్మా. ఇది సున్నం. ఆ పాళ్లు మా తాతతోనే పోయాయి. ఇప్పుడు పుస్తకాలు చదివినోళ్లకే తెలియాలి."

గిడ్డంగి బాగుచేయించిన కంట్రాక్టరు విసుక్కున్నాడు. "రాళ్లతో నాకేం పని? తలుపులు, కప్పు, అంతే. అనుమతి రాకపోతే పని పోయేదంటారా? పోతే ఇంకోటి దొరికేది."

ఈయన మీదే గుమాస్తాకు అనుమానం కలిగింది.

చివరికి చరిత్ర సంఘం నడిపే మాస్టారింటికి వెళ్లారు. పేటలోని ప్రతి పాత ఇటుకనూ పేరుపెట్టి పిలిచేంత ప్రేమ ఆయనది. ఫొటోల ఆల్బమ్ చూపిస్తూ, "పుటలు మీరు తిప్పండి నాయనా," అని గుమాస్తాకు పురమాయించి, తను కండువాలో చేతులు దాచుకుని కూర్చున్నారు.

"గిడ్డంగి ఫొటో లేదే?"

"చెదలు తినేశాయమ్మా. రాయి మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంది."

బయటికొచ్చాక డిటెక్టివ్ అడిగింది, "వరద ఒక్క గోడకే వస్తుందా గుమాస్తాగారూ?"

పేటలోని పాత కట్టడాలన్నీ తిరిగారు. సుంకం బంగళాకు కొత్త పూత పూసేశారు. గిడ్డంగికి దగ్గర్లోని గంటగోపురం మీది తీగలు పక్కకు లాగితే, అదే వరద సంవత్సరంతో చెక్కిన గీత బయటపడింది.

సాయంత్రానికి అందరినీ గిడ్డంగి ముందుకు రప్పించింది. ఏరు మరో మెట్టు ఎక్కింది. మేస్త్రి దగ్గరున్న లోపలి నీళ్లు కనిపించే పొడవాటి గొట్టంలో నీళ్లు నింపించి, ఒక కొస గోపురం గీత దగ్గర, రెండోది గిడ్డంగి గోడకు ఆనించి పట్టించింది. నీళ్లు రెండు కొసల్లోనూ ఒకే మట్టానికి నిలిచాయి. గోడ మీద ఆ చోట సుద్దముక్కతో గీత గీసింది. అది ఆమె తలకంటే పైన ఉంది.

"నిజమైన వరద ఇక్కడికొచ్చింది. అంటే లోపల మూడేళ్ల పిల్ల మునిగిపోయేంత నీళ్లు. కంట్రాక్టరు చేయిస్తే సిమెంటు ఉండేది. మేస్త్రికి సున్నం పని రాదు. పాత గోడలకు సిమెంటు అంటనివ్వని మనిషి ఒక్కరే ఉన్నారు. ఉడికీ ఉడకని సున్నం చేతుల్ని తినేస్తుంది. మాస్టారూ, కండువా తీస్తారా?"

పొక్కులెక్కి తోలు ఊడిన వేళ్లు బయటికొచ్చాయి.

"వాడకంలో లేకపోతే పడగొట్టేస్తామన్నారు," అన్నారాయన. "ఎనభై ఏళ్లుగా మళ్లీ రాని వరద... ఇప్పుడే వస్తుందా అనుకున్నాను."

"గోడలు నిలబెట్టడానికి పిల్లల్ని నీళ్లలో నిలబెడతారా?" పంతులమ్మ కేక వేయలేదు. మెల్లగా అన్నందుకే ఆయన తల మరీ వాలిపోయింది.

గుమాస్తా కలం తీశాడు. "ఫిర్యాదు రాసేయమంటారా మేడమ్?"

"రాద్దాం. ముందు ఈయన ఆ ఇరవై రెండు ఇళ్లకూ వెళ్లి, చేసిందేమిటో తన నోటితోనే చెప్పాలి. పదండి."

మొదటి ఇంటి తలుపు తట్టడానికి మాస్టారికి చెయ్యి లేవలేదు. అలికిడికి లోపలి నుంచే తలుపు తెరుచుకుంది. చంకలో పాపతో ఒక తల్లి, మాస్టారిని చూడగానే ముఖం విప్పారగా అడిగింది.

"మీరా మాస్టారూ! రేపు పాపను ఎన్నింటికి పంపమంటారు?"