సూది గుచ్చుకున్నా తెలియని వేలు

పొద్దున్నే కూతురు కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో తెల్లచొక్కాకి కాలరు బిగిస్తోంది. టీ గ్లాసు పక్కన పెట్టబోయిన తల్లికి చొక్కా మీద ఎర్రటి మరకలు కనిపించాయి. గుండుసూది కూతురి బొటనవేలిలో సగం దిగి ఉంది. కూతురేమో తీరిగ్గా దారం వెతుక్కుంటోంది.

“వేలు చూసుకోవే!”

కూతురు సూది లాగేసి వేలు నోట్లో పెట్టుకుంది.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“నీకెందుకు?”

కూతురికి ముప్పై నాలుగేళ్ళకే పెద్దపేగు క్యాన్సరు. అదీ కాలేయానికి పాకాక బయటపడింది. రెండు వారాలకోసారి ఆస్పత్రిలో మందు ఎక్కిస్తున్నారు. వెళ్ళిన ప్రతిసారీ నర్సు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని అడగడం, కూతురు “లేదండీ” అనడం తల్లి పక్కనుండి వింటూనే ఉంది.

“నర్సుకి ఫోన్ చేస్తా.”

“చేశావంటే ఈ ఇంట్లో ఉండను! తిమ్మిరని తెలిస్తే మందు ఆపేస్తారు. నా పిల్లకి ఆరేళ్ళు. దాన్నెవరు పెంచుతారు, నువ్వా? నన్ను చూసుకున్నట్టే చూస్తావా?”

“నీకేం తక్కువ చేశానే?”

“రక్తం పడుతోందమ్మా అని ఏడాది మొత్తుకున్నా. మొలలే, నీ వయసులో ఇంకేముంటుంది, నీళ్ళు బాగా తాగు అన్నావు. పెద్ద డాక్టరమ్మవి! మళ్ళీ వైద్యం మొదలెట్టావా?”

తల్లి మొహం పాలిపోయింది.

“అవునే. ఆ చోటు డాక్టరుకెలా చూపిస్తావని నాకే సిగ్గేసి నీ నోరు మూయించాను. ఈసారి నోరు మూసుకోను. తిట్టు, కొట్టు, నీ ఇష్టం.”

తల్లి ఫోను తియ్యగానే కూతురు లాక్కుంది. మొద్దుబారిన వేళ్ళలోంచి అది జారి బల్ల కింద పడింది. తల్లి వంగి తీసి, నంబరు నొక్కి, ఇద్దరికీ వినపడేలా పెట్టి జరిగిందంతా చెప్పేసింది.

నర్సు కోప్పడింది. “ఇన్నాళ్ళూ దాచారా? ఇలాగే ఎక్కించుకుంటూ పోతే ఆ తిమ్మిరి ఇక పోకపోవచ్చు. నరాలను అంతగా పాడుచేసేది మీకు ఎక్కించే మందుల్లో ఒక్కటే. దాన్ని తగ్గించాలో ఆపాలో డాక్టరుగారు చూస్తారు. మిగతావి ఇస్తూనే ఉండొచ్చు. చికిత్సే ఆపేస్తామని ఎవరన్నారమ్మా?”

ఎవరూ అనలేదు. కూతురే అనుకుంది. అడగడానికి భయపడింది.

ఫోను పెట్టేశాక ఆమె భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. తల్లి దగ్గరికి రాబోతే మోచేత్తో నెట్టింది.

“నీ మీద కోపం పోలేదు.”

“పోనక్కర్లేదు. ఎన్నేళ్ళయినా ఉంచుకో. పడతాను.”

తల్లి మళ్ళీ దగ్గరికి జరిగింది. ఈసారి మోచెయ్యి అడ్డు రాలేదు.