ఫోన్ చదవని పేరు

మొదటి మెసేజ్ వచ్చిన సాయంత్రం మలేషియాలోని సుంగై పెటానిలో వాన దంచి కొడుతోంది. మోహనప్రియ ఫర్నిచర్ ఫ్యాక్టరీలో టెలిఫోన్ డ్యూటీ ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చింది. గోడ తడుముకుంటూ సోఫా దాకా నడిచి కూర్చోగానే ఫోన్ టింగుమంది.

రెండేళ్ళ కిందట జబ్బు చేసి చూపు పోయినప్పటి నుంచి, తెర మీదున్నదంతా ఫోన్‌లోని ఆడగొంతే ఆమెకు చదివి వినిపిస్తుంది. ముందు పంపినవాళ్ళ పేరు చెబుతుంది, తరవాత సంగతి. ఆ రోజు పేరు దగ్గర ఏమీ పలకలేదు. కాసేపాగి, ఎప్పటిలాగే ఉలుకూ పలుకూ లేని గొంతుతో అంది:

"డాగర్. డాగర్. బ్లాక్ హార్ట్."

తరవాత నిశ్శబ్దం. మళ్ళీ, "బ్లాక్ హార్ట్. డాగర్. డాగర్."

కత్తి, కత్తి, నల్ల గుండె. మోహనప్రియ ఫోన్‌ని చెవికి దూరంగా పట్టుకుంది.

"అమ్మమ్మా, ఇటు రా. దీన్లో ఏటుందో సూడు."

నూకమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రబ్బరు ఎస్టేట్‌లో పుట్టి, అక్కడే పనిచేసి ముసలిదయిన మనిషి. బడి మొహం చూడలేదు.

"అచ్చరాలు కావే ఇవి. తీగలాగ ఏటో మెలికలు. అటూ ఇటూ సిలువలు. సమాధుల మీద పాతుతారు సూడు, అలాగున్నాయి." ఆమె గొంతు తగ్గిపోయింది. "ఎవుడో సిల్లంగి పెట్టినాడే నీకు. సేతబడి."

"సిల్లంగి వాట్సాప్‌లో పెడతారా అమ్మమ్మా?" అని నవ్వబోయింది మోహనప్రియ. నవ్వు సరిగ్గా రాలేదు.

మర్నాడు సాయంత్రం అయిదుకి మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఒకసారి కత్తులు ఏడయ్యాయి. ఎన్ని కత్తులున్నా మధ్యలో అదే నిశ్శబ్దం. ఎవరో ఆమె చెవి దగ్గర నోరు తెరిచి, మాట బయటికి రాకుండా ఆగిపోయినట్టు.

బ్లాక్ చేద్దామనుకుంది. చేస్తే ఆ మనిషి ఎంత దగ్గరికి వచ్చాడో తెలియకుండా పోతుందని చెయ్యలేదు.

నాలుగో రోజు వాయిస్ మెసేజ్ పంపింది. "ఎవరు నువ్వు? పేరు చెప్పు."

క్షణంలో జవాబొచ్చింది. వేలితో తట్టింది. ఏమీ వినపడలేదు. మళ్ళీ తట్టింది. ఉత్త నిశ్శబ్దం. ఆ చివర ఒకే ఒక్క "డాగర్".

అయిదో రోజు, వాన మొదలయ్యే వేళ, ఆ నంబరుకి తనే కాల్ చేసింది. అవతల ఎత్తారు.

"హలో?"

ఊపిరి వినిపించింది. రేకుల మీద చినుకుల చప్పుడు వినిపించింది. మాట మాత్రం లేదు.

"హలో! ఎవరు?"

కిటికీ బయట ఫెళ్ళున ఉరిమింది. అదే ఉరుము, అదే క్షణంలో, ఫోన్‌లోనూ వినిపించింది. కాల్ కట్టయింది.

"అమ్మమ్మా, గడియ పెట్టు," అంది. "ఆడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు."

నూకమ్మ గడియ పెట్టి, ఉప్పూ మిరపకాయలూ తీసి మూడుసార్లు దిష్టి తిప్పింది. "రేపు ఆ ఫోను పట్టుకెళ్ళి ఏట్లో పడేస్తాను," అంది.

అది పోతే మోహనప్రియకు మిగిలేది నాలుగు గోడలే. ఊళ్ళోని తెలుగువాళ్ళ గ్రూపు ఒకటి అందులో ఉంది. రోజుకొక తెలుగు మాట ఆమె నోటితో చెప్పి పంపుతుంది. పిల్లలూ పెద్దలూ "థాంక్స్ టీచర్" అంటారు. ఆమెకు చూపు లేదని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. నెలనెలా జరిగే క్లాసుకి రమ్మంటే ఏదో వంక చెప్పి తప్పించుకుంటుంది. ఆ గ్రూపులో ఆమెను పాపం అనేవాళ్ళు లేరు. ఆ ఒక్క చోటే లేరు.

చాలాసేపు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, చివరికి రికార్డు నొక్కింది.

"నాకు కళ్ళు కనపడవు. నువ్వు పంపినవి ఈ ఫోన్ నాకు చదువుతుంది. కత్తులు, నల్ల గుండెలు, అంతే. ఇంకేటీ వినపడదు. నన్నెందుకు బెదిరిస్తున్నావు? ధైర్యముంటే నోటితో చెప్పు."

పది నిమిషాలు గడిచాయి. అప్పుడొచ్చింది మొట్టమొదటిసారి ఒక మనిషి గొంతు. కుర్రవాడి గొంతు, వణుకుతూ.

"సారీ... సారీ! కత్తి కాదు. సిలువలాటి గుర్తు, ఫోన్ దాన్ని డాగర్ అంటది. బార్డర్ అది, అలంకారం. నడుమ నీ పేరు రాసినాను. దినం ఒక రకం అచ్చరం. నా పేరు తర్షన్. గ్రూపులో ఉన్నాను, మాట్లాడలేదు ఎప్పుడూ. ఇన్‌స్టాగ్రామ్‌లో కేకు కడలకి, గాజుల కడలకి, అంటే షాపులకి, వంకర వంకరగా స్టైల్ పేర్లు సేసి ఇస్తాను. అవి నిజం అచ్చరాలు కావు, లెక్కల గుర్తులు. నీ ఫోన్‌కి అది పేరని తెలీదు, వదిలేస్తది. నా పేరు కూడా అలాగే పెట్టుకున్నాను. గుండె నల్లది కాదు. నిండు గుండె అది, ఫోన్ దానికి ఆ పేరు సెప్తది."

మోహనప్రియకు ముందు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. కాల్ చేసింది.

"అయిదు దినాలు సచ్చిపోతాననుకున్నాను! కాల్ చేస్తే ఎందుకు మాట్లాడలేదు?"

"నీకి తెలుగు అంత బాగా వస్తది. నాకి అర్థమవతది, నోరు రాదు. నువ్వు నవ్వుతావని..." ఆగాడు. "ఇంటికొచ్చి అమ్మమ్మకి కూడా సారీ సెప్తాను. రావచ్చా?"

మోహనప్రియ అడ్రసు చెప్పి, అమ్మమ్మకి సంగతంతా వివరించింది. ఆరింటికి గేటు దగ్గర బైకు ఆగింది. నూకమ్మ చీపురు పట్టుకుని తలుపు తీసింది.

"పాట్టీ, నాను..."

"పాట్టి ఏటి! అమ్మమ్మ అను. తడిసిపోయినావు, లోపలికి రా." ఎగాదిగా చూసి మనవరాలితో అంది, "సిల్లంగి పెట్టే మొహం కాదే. సెవులు మాత్రం ఏనుగు సెవులు." చీపురు మూల పడేసి వంటింట్లోకి వెళ్ళింది.

తర్షన్ గుమ్మంలోనే నిలబడ్డాడు. "నీ కళ్ళ సంగతి ఎవరికీ సెప్పను. ప్రామిస్."

అయిదు రోజులుగా మోహనప్రియను భయపెట్టిన మనిషి రెండడుగుల దూరంలో, బట్టల్లోంచి నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నాడు. ఆమె కంటే ఎక్కువ భయపడుతున్నాడు.

"ఇంకేమైనా చెప్పాలా?" అంది.

"నువ్వు... నువ్వు అంటే నాకి ఇష్టం. కరెక్టుగా సెప్పినానా?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఠక్కున ఆగింది.

"కరెక్టే," అంది మోహనప్రియ, మొహం పక్కకి తిప్పుకుని. "జవాబు ఇప్పుడే ఇవ్వను. ఆదివారం క్లాసుకి నన్ను తీసుకెళ్ళు. నా కళ్ళ సంగతి వాళ్ళకి నేనే చెప్తాను."

"బండి మెల్లిగా నడపాల," అని వంటింట్లోంచి నూకమ్మ గొంతు వచ్చింది. "మజ్జానం బువ్వకి ఇద్దరూ ఇక్కడే."

ఆదివారం పొద్దున్న ఆకాశం మబ్బు పట్టి ఉంది. బైకు మీద మోహనప్రియ మొదట అతని చొక్కా అంచు పట్టుకుంది. మలుపు రాగానే చెయ్యి భుజం మీదికి వెళ్ళింది. వెళ్ళినది మళ్ళీ కిందికి రాలేదు.

"భయమా?"

"కాదు. నువ్వు మాట్లాడుతూ ఉండు."

"ఏటి మాట్లాడాల?"

"ఏదయినా. తెలుగులో."

తర్షన్ గొంతు సవరించుకున్నాడు. దారిలో కనపడిన పెట్రోలు బంకూ, మామిడికాయల బండీ, గొడుగు కింద ఇద్దరు చీనా ముసలమ్మలూ, ఎర్ర లైటూ, అన్నిటి గురించీ క్లాసు జరిగే హాలు దాకా చెబుతూనే ఉన్నాడు. మాటకొక తప్పు. తెలుగు టీచరు ఒక్కటీ దిద్దలేదు.