బూడిద రంగు ఇంజన్

టేపు లాగగానే దాంతోపాటు నల్లరంగు కూడా ఊడి వచ్చేసింది.

 పిడుగు టేపుని గబగబా మళ్ళీ ఇంజన్‌కి అంటించి గట్టిగా నొక్కింది. రంగు తిరిగి అతుక్కుంటుందేమోనని ఆశ. అతుక్కోలేదు సరికదా, ఇంకో ముక్క ఊడింది. నల్లటి బాయిలరు మీద ఇత్తడి మచ్చలు తళతళా మెరుస్తూ వెక్కిరించాయి.

పిడుగంటే మేఘాల్లోంచి పడేది కాదు, పదేళ్ళ పిల్ల. స్కూల్లో వేరే పేరుంది కానీ, హాజరు వేసేటప్పుడు తప్ప ఆ పేరుకి పలకదు. వద్దన్న పని చెయ్యడం, చెయ్యమన్న పని మానెయ్యడం ఆ పిల్లకి వెన్నతో పెట్టిన విద్య.

ఇంజన్ మామయ్యది. మామయ్యకి కుట్టుమిషన్లు బాగుచేసే షాపు ఉంది. ముందు గదిలో అమ్మ కౌంటర్ చూసుకుంటుంది. వెనక గదిలో మామయ్య మిషన్లు విప్పుతాడు. పని తక్కువగా ఉన్న రోజుల్లో ఇత్తడి రేకులు కత్తిరించి, వంచి, టంకం పెట్టి జానెడు పొడవు రైలింజన్ తయారుచేశాడు. దానికి పొగగొట్టం ఉంది, చక్రాలున్నాయి, డ్రైవరు పట్టుకుని ఎక్కే కడ్డీ కూడా ఉంది. లోపల చిన్న మోటారు. ఇక రంగు ఒక్కటే మిగిలింది.

ఆదివారం స్కూలు హాల్లో బొమ్మరైళ్ళ ప్రదర్శన. రంగు వెయ్యడం పిడుగు పని, పట్టాల మీద నడపడం అన్నయ్య పని అని మామయ్య పంచిపెట్టాడు. అన్నయ్యకి పదమూడేళ్ళు. నడపడం అంటే మీట తిప్పడమే. ఆ మాత్రం దానికి అన్నయ్య నెల రోజులుగా ఉత్త మీటని తిప్పి తిప్పి ప్రాక్టీసు చేస్తున్నాడు.

"మీట తిప్పడానికి కూడా ప్రాక్టీసా?" అని పిడుగు ఏడిపించేది.

"ఒక్కసారిగా తిప్పితే ఇంజన్ పట్టా దూకేస్తుంది. నీలాగా," అనేవాడు అన్నయ్య.

రంగు మొదలుపెట్టిన రోజు మామయ్య ఇంజన్‌ని సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పిడుగు ముందు పెట్టాడు. "మన షాపులో గాలికి కూడా నూనె ఉంటుంది. ఇత్తడికి నూనె తగిలిందంటే రంగు పట్టదు. చేతులు కడుక్కునే ముట్టుకో," అని చెప్పి వెళ్ళాడు.

పిడుగు అప్పుడే ఒక కుట్టుమిషన్‌కి నూనె వేసి వచ్చింది. కడుక్కుందామనే లేచింది. ఈలోపు అన్నయ్య నోరు తెరిచాడు.

"ఏయ్, ముందు చేతులు కడుక్కో."

అంతే. మామయ్య చెబితే కడుక్కోవచ్చు. అన్నయ్య చెప్పాక ఎలా కడుక్కుంటుంది?

"కడుక్కోను. ఏం చేస్తావ్?"

"నేనేం చెయ్యను. రంగే చెప్తుంది."

"నీ మొహం!" అంటూ పిడుగు రెండు చేతులూ గౌనుకి రాసుకుని, ఇంజన్‌ని అమాంతం ఎత్తింది.

ముందు అడుగుపూతగా బూడిద రంగు ప్రైమరు వేసింది. అది ఆరాక నల్లరంగు వేసింది. రంగు ఏమీ చెప్పలేదు. ఇంజన్ నిగనిగలాడింది. పిడుగు నూనె చేతుల సంగతి మర్చిపోయింది కూడా. ఇవాళ ఎర్రగీత తిన్నగా రావాలని బాయిలరు చుట్టూ టేపు అంటించింది, వంకరగా వచ్చిందని లాగింది. అదిగో, అప్పుడు మొదలైంది.

ఇప్పుడేం చెయ్యాలి? శుక్రవారం సాయంత్రం కావొస్తోంది. మామయ్య ఎవరి ఇంటికో మిషన్ ఇవ్వడానికి వెళ్ళాడు.

పిడుగు కళ్ళు బల్ల మీదున్న మట్టిరంగు డబ్బా మీద పడ్డాయి. అది మురికి వెయ్యడానికి తెచ్చింది. అవును, కావాలనే. "పనిచేసే ఇంజన్ కొత్తగిన్నెలా మెరవకూడదే. పొగగొట్టం చుట్టూ మసి ఉండాలి, చక్రాల దగ్గర దుమ్ము ఉండాలి, నీళ్ళు కారిన చోట తుప్పు చారలుండాలి. అవన్నీ చివర్లో వేద్దాం," అన్నాడు మామయ్య. ఒకరు చెప్పి మరీ మురికి చేయించడం పిడుగుకి తెగ నచ్చింది.

ఇంకేం, కుంచె ముంచింది. ఇత్తడి కనిపించిన చోటల్లా మట్టిరంగు మెత్తింది. దాని మీద బొగ్గుపొడి చల్లింది. ఒక్క మచ్చ కూడా కనబడకుండా పోయింది. ఎంత తెలివి నాది, అనుకుంది.

మామయ్య వచ్చాడు. ఇంజన్‌ని చూసి ఆగిపోయాడు.

"ఇదేంటే? బురదగుంటలో పడిందా?"

"తుప్పు మామయ్యా. నువ్వేగా వెయ్యమన్నావు."

"బాయిలరు పక్కలకి తుప్పేంటి? నీళ్ళెక్కడి నుంచి కారాయి?"

"వాన పడింది."

"వాన పైన పడకుండా పక్కనే పడిందా?"

"గాలివాన."

"మరి అటుపక్క ఇంత మెత్తావు, ఇటుపక్క ఈ చివర ఒక్క చుక్కా లేదే?"

"ఇటుపక్క... కొండ ఉంది. కొండ అడ్డమొచ్చింది."

మిషన్ తీసుకెళ్ళడానికి వచ్చిన దర్జీ గుమ్మం దగ్గర నిలబడి ఫక్కున నవ్వాడు. మామయ్య నవ్వలేదు. గోటితో మెల్లిగా గీకాడు. నానిన గోడ సున్నంలా పెచ్చు ఊడి బల్ల మీద పడింది.

"రంగు పట్టలేదు," అన్నాడు. "నూనె చేత్తో ముట్టుకున్నావా?"

దర్జీ చూస్తున్నాడు. కౌంటర్ దగ్గర్నుంచి అమ్మ కూడా లేచి వచ్చింది. ఆమె వెనకే స్కూలు సంచీతో అన్నయ్య. అందరి కళ్ళూ తన మీదే. పిడుగు గడ్డం పైకెత్తింది.

"నేను కాదు. అన్నయ్యే ముట్టుకున్నాడు!"

"నేనా? నేనసలు దాని జోలికే పోలేదు," అన్నాడు అన్నయ్య.

"పోయావు! నేను రంగు వేస్తుంటే నా పక్కనే ఉన్నావు. ఉన్నావా, లేదా?"

ఉన్నాడు. అది నిజమే. నిజంలో ఇంత కలిపితే అబద్ధం బాగా అతుక్కుంటుంది. అమ్మకి కోపం వచ్చింది. "మామయ్య ఎన్నాళ్ళు కష్టపడ్డాడురా దానికి! నువ్వు ఆదివారం రానక్కర్లేదు. ఇంట్లో కూర్చో."

అన్నయ్య పిడుగు వైపు ఒకసారి చూశాడు.  తలుపు విసిరికొట్టినా బాగుండేది. చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.

మర్నాడు స్కూలు లేదు. మామయ్య వెనక గది కిటికీలన్నీ తెరిచి, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, థిన్నరు డబ్బా మూత తీశాడు.

"రావే, రంగు తీసేద్దాం."

"నేనెందుకు? పాడుచేసినవాణ్ణి పిలు."

"వేసింది నువ్వేగా. తియ్యడం కూడా నీ పనే." ఇంకో జత తొడుగులు ముందుకి తోశాడు.

పిడుగు మూతి ముడుచుకుని కూర్చుంది. ముందు గుడ్డతో ఆ మట్టిరంగంతా తుడిచింది. అడుగున నిన్నటి ఇత్తడి మచ్చలు బయటపడ్డాయి. ఇటుపక్క ఒకటే మచ్చ. ఇంజన్‌ని తిప్పి చూసింది. అటుపక్క నాలుగు, వరసగా, ఒకదాని పక్కన ఒకటి.

చెయ్యి ఆగిపోయింది.

తొడుగు తీసింది. ఇటువైపు మచ్చ మీద బొటనవేలు ఉంచింది. సరిగ్గా సరిపోయింది. అటువైపు నాలుగు మచ్చల మీద నాలుగు వేళ్ళూ పెట్టింది. అవీ సరిపోయాయి. గౌనుకి చేతులు రాసుకుని అమాంతం ఎత్తింది కదా, అలాగే పట్టుకుంది ఆరోజు. అన్నయ్య వేలు పెడితే ఒక్కటే రెండు మచ్చలంత ఉంటుంది.

రంగే చెప్తుందన్నాడు అన్నయ్య. చెప్పింది.

పిడుగుకి చెవులు వేడెక్కాయి. మామయ్య వైపు చూస్తే ఆయన తన పని తను చేసుకుంటున్నాడు.

"మామయ్యా, నీకు నిన్ననే తెలుసా?"

"నాకు తెలిస్తే ఏం లాభమే?"

"సరే, నేనే! నా చేతులకే నూనె ఉంది. అన్నయ్య కడుక్కోమన్నాడు, నేనే కడుక్కోలేదు. తిట్టు ఇప్పుడు!"

"ఎందుకు తిట్టడం? చక్రం పక్కన ఇంకా రంగుంది, రుద్దు."

తిట్టినా బాగుండేది. పిడుగు తొడుగు మళ్ళీ వేసుకుని, కళ్ళు తుడుచుకోవడం కుదరక, భుజానికి రాసుకుంటూ రుద్దింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి వంటింట్లో అమ్మకి అంతా చెప్పేసింది. అమ్మ గట్టిగానే చివాట్లు పెట్టింది. ఆ తర్వాత, "వెళ్ళి వాణ్ణి రేపు రమ్మని చెప్పు," అంది.

అన్నయ్య గోడవైపు తిరిగి పుస్తకం చదువుకుంటున్నాడు.

"రేపు నువ్వు రావచ్చట."

"నేను రాను."

"అమ్మకి నిజం చెప్పేశాగా!"

అన్నయ్య ఇటు తిరిగాడు. "నా పేరు షాపులో అందరి ముందూ అరిచి చెప్పావు. నీ పేరు మాత్రం వంటింట్లో అమ్మ చెవిలో చెప్పావు. రెండూ ఒకటేనా?"

పిడుగు మెల్లిగా షాపు దారి పట్టింది. 

సాయంత్రం మామయ్య మళ్ళీ ఇంజన్‌ని కడిగాడు. పిడుగు మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని కడుక్కుంది. వాసన చూసుకుని మళ్ళీ కడుక్కుంది. అప్పుడు ప్రైమరు వేసింది. ఇంజన్ పొగగొట్టం నుంచి చక్రాల దాకా బూడిద రంగులోకి మారింది.

"దీని మీద నల్లరంగు వేస్తే రేపటికి ఆరదు," అన్నాడు మామయ్య. "తడి మీద మసి వేస్తే ముద్దయిపోతుంది. వచ్చే ఏడు పెడదాంలే."

"వద్దు. రేపే పెడదాం. ఇలాగే."

"ఇలాగా? అందరూ అడుగుతారే."

"అడగనీ."

ఆదివారం స్కూలు హాలు కిటకిటలాడింది. పెద్ద బల్ల మీద గుండ్రంగా పట్టాలు. ఆకుపచ్చ ఇంజన్లు, ఎర్ర ఇంజన్లు, బంగారు గీతల నల్ల ఇంజన్లు వరసలో ఉన్నాయి. వాటి మధ్య పిడుగు తన బూడిద రంగు ఇంజన్‌ని పట్టాల మీద పెట్టింది. ప్రదర్శన చూసుకుంటున్న సైన్స్ మాస్టారు పరుగున వచ్చారు.

"ఇదేంటమ్మా, రంగు కూడా వెయ్యలేదు! పూర్తికానిది పక్కన పెట్టు."

"ఇది నడుస్తుంది సార్. రంగు లేనివి నడవకూడదని రూలుందా?"

మాస్టారు చేతిలోని కాగితం తిరగేసి చూశారు. అలాంటి రూలేమీ లేదు.

"మరి దీని రంగేదీ?" అని ఎవరో చిన్నపిల్లాడు అడిగాడు.

పిడుగు స్టూలు లాక్కుని దానిమీదకి ఎక్కింది. దర్జీ కూడా వచ్చాడు, గుంపులో కనిపించాడు. తలుపు దగ్గర అమ్మ ఉంది. అమ్మ పక్కన ఎవరైనా ఉన్నారో లేదో కనబడలేదు. ఉన్నా లేకపోయినా చెప్పాల్సిందే. 

"రంగు నేనే వేశాను. నూనె చేతులతో ముట్టుకుంటే ఊడిపోయింది. దాని మీద మురికి పూసి దాచాను. దొరికిపోతే మా అన్నయ్య మీద చెప్పాను. మా అన్నయ్య దీన్ని ముట్టుకోలేదు. కడుక్కోమని కూడా చెప్పాడు."

కొందరు నవ్వారు.

"నవ్వుకోండి, ఫర్వాలేదు," అంది పిడుగు.

"సరే సరే, చెప్పావుగా. ఇక మీట తిప్పమ్మా," అన్నారు మాస్టారు. "వెనక ఇంజన్లన్నీ ఆగిపోయాయి."

"నేను తిప్పను సార్. దీన్ని నడిపేది మా అన్నయ్య. వాడొచ్చేదాకా ఇది కదలదు."

"రాకపోతే?"

"ఇక్కడే ఉంటుంది."

స్టూలు దిగి మీట పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. వెనకున్న ఇంజన్ల వాళ్ళు గొణుక్కున్నారు. ఆకుపచ్చ ఇంజన్ ఆయన వాచీ చూసుకున్నాడు. పిడుగు ఎవరి వైపూ చూడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి కనుక బూడిద రంగు ఇంజన్‌నే చూస్తూ నిలబడింది.

గుంపులోంచి ఎవరో తోసుకుంటూ వచ్చారు.

"జరుగు. ఊళ్ళో రైళ్ళన్నీ ఆపేశావు," అన్నాడు అన్నయ్య.

ఇంజన్ చక్రం ఒకటి పట్టా మీద సరిగ్గా కూర్చోలేదు. సరిచెయ్యడానికి అన్నయ్య చెయ్యి చాపాడు.

"చేతులు కడుక్కున్నావా?" అంది పిడుగు.

అన్నయ్య చెయ్యి గాల్లోనే ఆగింది. "కడుక్కోను. ఏం చేస్తావ్?"

పిడుగు గౌను జేబులోంచి తడిగుడ్డ తీసి చాపింది. అది ఇంట్లోంచి వచ్చేటప్పుడే తడిపి, పిండి, మడతపెట్టి తెచ్చుకుంది. అన్నయ్య దాన్ని చూశాడు, పిడుగుని చూశాడు. గుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. చక్రాన్ని పట్టా మీద సర్ది, మీటని చాలా మెల్లిగా తిప్పాడు.